తడక విప్పిన గుడిసె

నేను రాయడం ఇంత ఆలస్యంగా మొదలుపెట్టడానికి కారణం బడి లేకపోవడం కాదు. హుస్నాబాద్ దగ్గరి మా ఊళ్లో బడి మా వాడకు ఎదురుగానే ఉండేది. కాని బడి గంట కొట్టే వేళా, గొడ్లను విప్పే వేళా ఒకటే. మా ఇంట్లో గొడ్ల వెంట పోవలసింది నేను. తమ్ముళ్లు పలక పట్టుకుని అటు పోతే నేను కట్టె పట్టుకుని ఇటు పోయేదాన్ని. పెళ్లయి ఇచ్చోడకు వచ్చాక పత్తి చేను, పిల్లలు, వంట. తీరిక దొరికే నాటికి కండ్లు మసకబారాయి. ఆపరేషన్ అయి అద్దాలు వచ్చిన తరువాతే అక్షరాల ముందు కూర్చోగలిగాను. అప్పటికే నాకు మనవలున్నారు.

నేర్పింది మా చర్చి అయ్యగారి భార్య. వయసులో నాకంటే చాలా చిన్నది, అయినా మేమంతా ఆమెను అమ్మగారు అంటాం. మధ్యాహ్నం పూట చర్చి వరండాలో కొందరు ఆడవాళ్లను కూర్చోబెట్టి చదివించేది. పాటల పుస్తకంలో సగం పాటలు నాకు నోటికి వచ్చు. అది తెలిసి ఆమె పలకను పక్కకు పెట్టించి, నాకు వచ్చిన పాట ఉన్న పేజీ తీసి, "పాడుకుంట ఏలు పెట్టుకుంట పో అవ్వా," అనేది. పాట ముందు పోయేది, వేలు దాని వెనకాల వెతుక్కుంటూ పోయేది. ఒకనాడు నోరూ వేలూ ఒకే మాట దగ్గర కలిశాయి. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలోని దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వచ్చాను. విత్తనాల దుకాణం ముందు నిలబడి చదువుతుంటే, లోపలి సేటు విత్తనాలు కొనడానికి వచ్చాననుకుని లేచి నిలబడ్డాడు.

బైబిలు కొంత కూడబలుక్కుని చదివాక, చర్చి బీరువాలో ఉన్న చిన్న చిన్న కథల పుస్తకాలు తెచ్చుకున్నాను. విశ్వాసుల కుటుంబాల కథలవి. వరసగా చదువుతుంటే ఒక సంగతి తట్టింది. దాదాపు ప్రతి కథా వానతో మొదలవుతుంది. వానలో ఒక గుడిసె కురుస్తుంటుంది. తల్లి దగ్గుతుంటుంది. తండ్రి తాగి పడి ఉంటాడు. ఎవరో వచ్చి వాక్యం చెబుతారు, అందరూ మోకరిస్తారు, ఆఖరి పేజీలో పక్కా ఇల్లు లేస్తుంది. ఆ గుడిసె ఏమైందో మళ్లీ ఎవరూ అడగరు.

పాటల్లో ఇంకో తీరు. మా కోడలు ఫోన్లో పెట్టుకునే జానపద పాటల్లో, పెళ్లి బరాత్‌లో డీజే మోగించే పాటల్లో గుడిసె అంటే ఒకటే సంబరం. నాకు మేడలు వద్దు, నీతో గుడిసె చాలు అన్నట్టు పిల్ల పాడుతుంది. పిల్లగాడు గుడిసె చుట్టూ తిరిగి ఎగురుతాడు. గోడకు కొత్త చేట వేలాడుతుంటుంది. ఎన్ని పాటలు చూసినా గుడిసె మాత్రం ఒక్క తీరుగనే కనిపించేది.

"అత్తమ్మా, గది కరీంనగర్ అవతల ఒక తోటల కట్టిన గుడిసె. షూటింగులకే కట్టిండ్రట. అన్ని పాటలకు గదే," అని చెప్పింది కోడలు.

"గట్లైతే దాంట్ల ఎవ్వలు పండుకోరా?"

"ఎవ్వలు పండుకుంటరు? నువ్వు పోతనంటే అడుగుత."

కథల్లో ఏడుపు, పాటల్లో ఎగురుడు. నేను పుట్టి పెరిగిన గుడిసె ఆ రెండింటిలోనూ లేదు.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఉంటే ఏమనేదో నాకు తెలుసు. క్రిస్మస్ పాటల్లో పశువుల పాక మాట వచ్చినప్పుడు మా ఊరి ఆడవాళ్లు కొంగుతో కండ్లు ఒత్తుకునేవాళ్లు. అంతటి రాజుకు పాక తప్ప దొరకలేదే అని వాళ్ల బాధ. మా అవ్వ మాత్రం తల ఎత్తి పాడేది. పక్కింటామె ఒకసారి అడగనే అడిగింది, "నీకు జరంత గూడ ఏడుపొస్తలేదా?" అని.

"నేనెందుకు ఏడుస్త? మనసొంటోళ్లింట్లకే వచ్చిండు గదా. ఏడిస్తె పెద్దింటోళ్లు ఏడ్వాలె," అన్నది మా అవ్వ.

పోయిన డిసెంబరులో, పండుగకు ముందు జరుపుకునే సెమీ క్రిస్మస్‌కు ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చేయాలని అమ్మగారు పురమాయించింది. పాట కొందరికి, నాటిక కొందరికి. నా వంతు వచ్చేసరికి, "నువ్వు ఒక కథ రాయి అవ్వా. రాసి నువ్వే చదువు," అన్నది. నేను మా గుడిసె సంగతి రాశాను.

తాటికమ్మల కప్పు, గోడలకు బదులు కందికట్టెతో అల్లిన తడకలు. మా ఊళ్లో అప్పటికి చర్చి కట్టలేదు. వారం వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన జరిగేది, వంతుల ప్రకారం. మా వంతు వస్తే లోపల పెద్దవాళ్లు కూర్చునే సరికి జాగా అయిపోయేది. అందుకని ఆ సాయంత్రం బాపు పని నుంచి తొందరగా వచ్చి, వాకిలి వైపు తడకకు ఉన్న తాళ్లు విప్పేవాడు. ఆయన ఒక కొస, అవ్వ ఒక కొస పట్టుకుని ఆ తడకను ఎత్తి, పక్కకు ఆనించేవాళ్లు. ఇక ఇల్లూ వాకిలీ ఒకటే. పాట వినడానికి వేరే వాడల వాళ్లు కూడా వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు. పెంకుటిండ్ల వాళ్ల వంతు రోజున కొందరు లోపలికి, కొందరు అరుగు మీదికి సర్దుకోవలసి వచ్చేది. మా ఇంట్లో లోపలివాళ్లు, బయటివాళ్లు అనే తేడా ఉండేది కాదు. అందరూ వెళ్లాక తడకను మళ్లీ నిలబెట్టి, బాపు బయట, నేను లోపల కూర్చునేవాళ్లం. ఆయన సందులోంచి తాడు కొస పంపితే నేను గుంజి మళ్లీ ఆయన వైపు పంపేదాన్ని.

"గట్టిగ గుంజు బిడ్డా. కుక్క తోసుకొస్తె నీ పక్కనే పండుకుంటది," అనేవాడు.

తేళ్లు వచ్చేవని కూడా రాశాను. గాలివానకు కమ్మలు లేచిపోయిన సంగతి కూడా రాశాను. ఇప్పుడు నేను ఉండేది స్లాబ్ ఇల్లు, ఫ్యాన్ కింద పడుకుంటాను, మళ్లీ గుడిసెకు పొమ్మంటే పోను. అయినా మా బాపు తాడు కట్టడం దగ్గరే కథను ఆపాను.

అమ్మగారు చదివి, "మంచిగున్నది. కని చివర లేదు గదా అవ్వా," అన్నది.

"అదే చివర అమ్మగారూ."

"గుడిసెలనే ఆగిపోతె ఎట్ల? నీకు దేవుడు ఇల్లిచ్చిండు గదా. ఆ ఆశీర్వాదం చెప్పాలె. ఊరి చివర గుడిసెల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకొని ఉన్నోళ్లు గూడ వస్తరు. వాళ్లు వినెటిది ఏదన్న ఆశ పుట్టించేటట్టు ఉండాలె."

ఆ మాట తీసిపారేసేది కాదు. ఇంటికి వచ్చి ఆమె చెప్పినట్టే ఇంకో చివర రాశాను. పత్తి బాగా పండిన ఏడు, మా ఆయన ఇల్లు కట్టించిన సంగతి, కప్పు పోసిన రోజు చేసిన ప్రార్థన. అందులో అబద్ధం ఏమీ లేదు. కోడలికి చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నది.

"గిది మొన్న నువ్వు చదివిన పుస్తకంల ఉన్నదే గదా?" అన్నది.

"గది వేరేటోళ్ల ఇల్లు. గిది మనది."

"ఇల్లు మనదే అత్తమ్మా. కథనే వాళ్లది."

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. పత్తి ఏరుతున్నా అదే. స్లాబ్ పోసిన రోజునే దేవుడు మమ్మల్ని చూశాడని చదివితే, తడక విప్పి ఊరినంతా కూర్చోబెట్టిన మా అవ్వ, బాపుల సంగతి ఏం కావాలి? వాళ్లు పక్కా ఇల్లు చూడకుండానే పోయారు. వాళ్లది ఆఖరి పేజీ దాకా రాని కథ అయిపోతుంది. ఇంకో భయం కూడా ఉంది. అమ్మగారు కాదంటే సభలో నాకు చదివే అవకాశం పోతుంది. ఇంత వయసుకు మొదటిసారి నలుగురి ముందు నిలబడి, నేను రాసింది నేనే చదవబోతున్నాను. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అయినా ఆమె దగ్గరికి మళ్లీ పోయాను.

"అమ్మగారూ, ఇల్లు లేనోళ్లకు ఇంటి ఆశ చెప్పాలె, నేను కాదంటలేను. కని వాళ్లు ఇప్పుడు ఉంటున్నది ఇల్లే కాదని నా నోటితోని చెప్పలేను. చదవద్దంటె చదవ."

ఆమె కాగితాలు తీసుకుని, నిలబడే ఇంకోసారి చదివింది.

"నాకు గిప్పటికీ చివర లేనట్టే అనిపిస్తది," అన్నది. "కని నువ్వు రాసిందే చదువు. ఎవలన్న అడిగితె నేను జవాబు చెప్పుకుంట."

ఆదివారం మధ్యాహ్నం సభ. నాటిక పిల్లలు పాకను అట్టపెట్టెలతో కట్టి, రంగు కాగితాలు అంటించారు. నన్ను దాని పక్కనే నిలబెట్టారు. మైకు నా నోటికి ఎత్తుగా ఉంటే ఎవరో వంచారు. మొదటి పేజీలో రెండు చోట్ల తడబడ్డాను. వెనక వరస నుంచి మా కోడలు, "నిమ్మలంగ చదువు అత్తమ్మా, బస్సేం పోతలేదు," అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నా గొంతు సర్దుకుంది. తడక విప్పే దగ్గరికి వచ్చేసరికి నేను వేలు తీసేసి చదువుతున్నానని తరువాత ఎవరో చెబితే తెలిసింది. తాడు కట్టడం అయిపోయింది, కాగితం మడిచాను. ఇంకా ఏదో ఉంటుందని అందరూ చూస్తున్నారు. నేను దిగిపోయాను. అప్పుడు చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకోసం కొట్టిన చప్పట్లు అవే మొదలు, అందుకే సిగ్గుపడకుండా తల ఎత్తుకునే కూర్చున్నాను.

సభ చివర, ఆ వారం ఇంటింటి ప్రార్థన ఎవరింట్లో అని అమ్మగారు అడిగింది. మా చర్చిలో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. సరిహద్దు అవతలి కిన్వట్ వైపు నుంచి పత్తి పనికి వచ్చి, ఊరి చివర నిలిచిపోయిన ఒక కుటుంబం మాలో ఉంది. పత్తికట్టె తడకలు, పైన నల్ల కవరు. ఆ ఇంటామె ప్రతి ప్రార్థనకూ వస్తుంది, వంతు మాత్రం ఎన్నడూ తీసుకోలేదు. అడిగితే జాగా లేదు అని తల వంచుకునేది. ఆ రోజు ఆమె లేచి నిలబడింది.

"బుధవారం మా తాన పెట్టుండ్రి," అన్నది. ఆ వెంటనే, "చాయ్‌కు కప్పులు మాత్రం మీరే తెచ్చుకోవాలె," అని కలిపింది.

అమ్మగారు ఆ మాటే మైకులో అందరికీ చెప్పింది. చెప్పి నా వైపు చూసింది. నేనూ చూశాను.

మర్నాడు పొద్దున చేనుకు పోయే ముందు ఆమె గుడిసె వైపు నడిచాను. ఆమె అప్పటికే, బుధవారం ప్రార్థనకు ఇల్లు మెత్తడానికి, బయట ఎర్రమట్టి కుప్ప పోసి నీళ్లు కలుపుతోంది.

"ఆయీ, గింత పొద్దుగాల్నే వచ్చినవేంది? పత్తికి పోవా?" అన్నది. వాళ్ల మరాఠీలో ఆయీ అంటే అమ్మ.

"పోత. నీ మట్టి పల్చగైంది, ఇంకింత మట్టి పొయ్యి," అన్నాను.

"కథ చదివినవని మట్టి గూడ నాకు నేర్పుతవా?" అని నవ్వుతూనే ఇంకో తట్ట గుమ్మరించింది. నేను సద్ది గిన్నె నీడకు పెట్టి, గాజులు మోచేతికి ఎక్కించుకుని, ఆమె ఎదురుగా కూర్చుని మట్టి పిసకడం మొదలుపెట్టాను.