సుంకప్ప బండికి ఆయిల్ మీటరు

"ఈ మీటరు ఎవరు పెట్టారయ్యా?"

ధర్మవరం షోరూములో, బండి హ్యాండిల్ మీదున్న చిన్న గుండ్రటి మీటరును వేలితో కొట్టి, కంపెనీ ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న ఇది. బండి యజమాని సుంకప్ప పక్కకు చూశాడు. పెట్టిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. చెప్పాల్సింది అతనే అనుకున్నాడు.

సుంకప్పది బత్తలపల్లి. ధర్మవరం షావుకారు దగ్గర పట్టు తీసుకుని చుట్టుపక్కల ఊళ్లలో మగ్గాలున్న ఇళ్లకు చేర్చడం, నేసిన చీరలు తిరిగి షావుకారుకు తెచ్చివ్వడం అతని పని. లక్ష రూపాయల సరుకు వెనక సీటుకు కట్టుకుని పోతాడు. రసీదు అడిగినవాడు లేడు. నమ్మకం మీద ఉపన్యాసాలేమీ అక్కర్లేదు. ఈ వ్యాపారంలో అది కాగితం కన్నా చవక, అంతే.

పాత బండి ఒక మే నెల ఎండలో ఇంజన్ పట్టేసి దారిలో ఆగిపోయింది. పెళ్లి చీరలు ఆలస్యమైనందుకు షావుకారు నెల రోజులు పనివ్వలేదు. అందుకే నెలనెలా కట్టే కంతుల మీద కొత్త బండి కొన్నా సుంకప్పకు ఎండ భయం పోలేదు. ఆ భయానికి మందు చెప్పినవాడు భార్య ఉమాదేవి తమ్ముడు తిప్పేష్. ఆ షోరూములోనే మెకానిక్కు.

"ఆయిల్ ఎంత కాగిందో చూపిచ్చే మీటరు ఉండాది బావా. ముల్లు ఎర్రగీత కాడికి పోతే బండి ఆపు. అంతే."

"వారంటీ పోతాదేమోరా."

"పెడ్తాండేది నేను. నా చేత్తో పెట్టినాక యాడికి పోతాది? నీదంతా ఉత్త భయం."

ఒక ఆదివారం షట్టరు సగం దించి తిప్పేష్ పని కానిచ్చాడు. ఇంజన్ కింద ఆయిల్ వదిలే బోల్టు తీసి, ఆ చోట సెన్సారున్న బోల్టు బిగించి, వైరును హ్యాండిల్ దాకా లాగాడు. మీటరు ఖరీదు పద్దెనిమిది వందలు. సుంకప్ప వెయ్యి చేతిలో పెట్టి, తక్కింది తర్వాత ఇస్తానన్నాడు.

"ఏమప్పా, బండికి జరం చూస్తాండావంట? సూది గూడా ఏపిచ్చు" అన్నాడు టీకొట్టు నరసింహప్ప. సుంకప్ప పట్టించుకోలేదు. ముల్లు పైకి పోతే ఆగేవాడు, దిగాక కదిలేవాడు.

ఈ వేసవిలో ఒక పొద్దున, ఎండ ముదరకముందే, చదును రోడ్డు మీద ముల్లు ఎర్రగీతను తాకింది. వెంటనే బండి ఆపి, ఆటోలో వేసుకుని షోరూముకు చేర్చాడు. విప్పి చూస్తే ఆయిల్ పంపు చెడిపోయి ఉంది. పంపు, దానితో దెబ్బతిన్న సామాను కలిపి పద్నాలుగు వేలు. వారంటీ ఇంకా ఏడాది ఉంది కాబట్టి కంపెనీ భరించాలి. అది తేల్చడానికే ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వచ్చి మీటరు సంగతి అడిగాడు.

తిప్పేష్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఈ కస్టమరు బయట యాడో పెట్టిచ్చుకున్నాడు సార్."

కస్టమరు. పదేళ్లుగా బావా అని తప్ప పిలవని నోరు అది. సుంకప్ప మారు మాట్లాడలేదు. దీన్ని క్షమ అనీ, పెద్దమనసు అనీ ఎవరూ పొగడనక్కర్లేదు. నోరు పెగల్లేదు. పెగిలేసరికి ఇన్‌స్పెక్టరు, బయట పెట్టించిన మీటరుంది కాబట్టి వారంటీ చెల్లదని రాసేసి పోయాడు.

తిప్పేష్ గేటు దాకా వెంటబడ్డాడు. "నిజం చెప్తే నా పని పోతాది బావా. నువ్వే అర్థం చేసుకోవల్ల."

"లోపల కస్టమరు, ఈడికొస్తే బావనా?"

అర్థం కావడానికి అందులో ఏముంది? అర్థమైనంత మాత్రాన పద్నాలుగు వేలు తగ్గవు. అసలు మీటరే లేకపోతే సుంకప్ప ఆగకుండా పోయేవాడు, ఇంజన్ మాడిపోయేది, కంపెనీ నోరెత్తకుండా బాగుచేసిచ్చేది.

పద్నాలుగు వేలు షావుకారు ఇచ్చి, కూలిలో కోసుకుంటున్నాడు. బండి మళ్లీ తిరుగుతోంది. సుంకప్ప మీటరు తీయించలేదు.

ఉమాదేవికి ఇంట్లో ఈ మాట నలగడం ఇష్టం లేదు. "మిగిలిన ఆ ఎనిమిది నూర్లు వాని మొగాన కొట్టు. పీడ పోతాది" అంది.

"వాణ్ణే అడగమను. ఆ షోరూములో అందరి ముందర నిలబడి, బావా అని అడగమను. అప్పుడే ఇస్తా."

తిప్పేష్ అడగలేదు. మీటరు తాలూకు ఎనిమిది వందలు సుంకప్ప అతనికి ఇంకా బాకీ.