విత్తే రోజు చెప్పిన పంట

ప్రభుత్వ హాస్టల్లో సీటు కావాలంటే ఇంటి ఆదాయం ఇంతకు మించలేదని కాగితం తేవాలి. ఆ కాగితం దగ్గరే నా ఇంటర్ చదువు ఆగిపోబోయింది. అనంతపురంలో గది బాడుగకు తీసుకుని ఆడపిల్లను ఉంచే స్తోమత మాకు లేదు. హాస్టల్ లేకపోతే చదువూ లేదు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చిన రోజు వజ్రకరూరు అవతల మా చేలో వేరుశనగ విత్తుతున్నాం. విత్తే రోజు మొదలు పంట చేతికొచ్చేదాకా చేను పండలేదన్న మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. భూమి వింటుందని భయం. ఆయనకు అదేం తెలుసు? గట్టు మీద నుంచే అడిగాడు.

"ఏమప్పా, పోయినేడు ఎన్ని మూటలయినాయి?"

నాయన విత్తనమేసే గొర్రు ఆపకుండా, "ఇరవై అయినాయి" అన్నాడు. నిజానికి పశువులకు మేత తప్ప ఇంటికి ఒక్క మూట రాలేదు. ఇన్‌స్పెక్టర్ అదే రాసుకుని వెళ్లిపోయాడు. నా సీటు పోయింది.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు నేను. నాయనను వెంటబెట్టుకుని హాస్టళ్ల ఆఫీసుకు పోయాను. అధికారి కాగితం చూపించి, "మీ నాయనే చెప్పినాడు కదమ్మా" అన్నాడు. నాయన తల వంచుకున్నాడు. చేలో మొలకలు అప్పుడప్పుడే పైకి వస్తున్నాయి, ఆయన నోరెలా తెరుస్తాడు? నాకు ఒళ్లు మండింది.

"పండలేదు సార్. మా నాయన చెప్పడు, నేను చెప్తాండా. నమ్మకుంటే వచ్చి ఇల్లు చూసుకోండి. పండిన ఏడు మీరు పొమ్మనకముందే పెట్టె ఎత్తుకొని పోతా."

పంట రాలేదని నాయన వాంగ్మూలంగా అధికారి కొత్త కాగితం రాయించాడు. గుమాస్తా దాన్ని చదివి వినిపించబోతే నాయన అడ్డుపడ్డాడు.

"సదవొద్దు సామీ. ఏలిముద్ర యాడేయల్లో చూపించు, చాలు."

సీటు వచ్చింది. ఆ ఏడు వాన రాలేదు. నా నోటి వల్లే చేను ఎండిందని ఊళ్లో అన్నారు. అననీ. నేను నోరు మూసుకున్న ఏళ్లలో మాత్రం ఏం పండింది కనుక?

మరుసటేడు ఆ కాగితం మళ్లీ కావాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మళ్లీ విత్తే రోజే వచ్చి అదే మాట అడిగాడు. సెలవులకు వచ్చిన నేను గొర్రు వెనకాలే నడుస్తున్నాను. నాయన ఎద్దులను ఆపలేదు, తల తిప్పలేదు.

"మా పాపనడుగు పో. అది చెప్తాది."