బౌదీ కారుకు పెదనాన్న ఎంచిన రెండో ఇంజను

మా పెదనాన్న పోయారని పోయిన వారం కలకత్తా పక్క సంత్రాగాఛి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున్న టీ తాగి, కుర్చీలో కూర్చునే పోయారట. "కూర్చునే?" అని రెండుసార్లు అడిగాను. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా అదే అడుగుతారు.

ఆయన కూర్చోగా మేం చూసింది తక్కువ. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తినేవారు. చర్చిలో తలుపు పక్క చివరి బల్ల ఆయనది. ప్రసంగం సగంలో ఉండగానే బయటికి జారుకుని పాస్టరుగారి స్కూటరు చుట్టూ తిరిగేవారు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. క్వార్టర్సు గచ్చు మీద సుద్దముక్కతో రాసి, నేను దిద్దుతున్నంతసేపూ గదిలో అటూ ఇటూ నడిచేవారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ నడకల పుణ్యమే.

ఆయనది రైల్వే షెడ్డులో ఫిట్టరు పని. సెలవు రోజుల్లో కలకత్తాలోని భవానీపూర్ వెళ్ళి పాత కార్లు బాగుచేసేవారు. అక్కడ ఒక వకీలుగారి భార్య ఉండేవారు. పెదనాన్న ఆవిణ్ణి బౌదీ అని పిలిచేవారు. బెంగాలీలో వదినగారని అర్థం. ఆవిడ ఈయన్ని దాదా, అంటే అన్నా, అనేవారు. భర్త పోయి ఏడాదైంది. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న అమెరికా కారు గరాజులో పడి ఉంది. రెండే తలుపులు, ఇంత పొడుగు బానెట్టు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆ ఇంజను బిగుసుకుపోయి లోపల పగిలింది. మరొకటి వేయక తప్పదు.

బౌదీ తమ్ముడు డీజిల్ ఇంజను వేయించమన్నాడు. అప్పట్లో కలకత్తాలో అలాంటి కార్లకు చాలావాటికి అదే గతి. ఆవిడ ఒప్పుకోలేదు.

"ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్నాను దాదా. ఒక్కరోజు స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నేర్చుకుని నేనే నడుపుతాను. దానికి తగ్గది చూసిపెట్టండి" అన్నారు.

కాలేజీకి సెలవులని నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆ మాట నేను విన్నాను. పెదనాన్న సగమే విన్నారు.

నెలల తరబడి తిరిగి రెండు ఇంజన్లు పట్టుకున్నారు. ఒకటి అలాంటి కారులోంచే తీసింది. పాతది గానీ గట్టిది. రెండోది ఖిదిర్‌పూర్ రేవు గోదాములో ఉంది, కారు పందేల కోసం బలం పెంచినది. నన్ను వెంటబెట్టుకెళ్ళి చూపించారు. దాని మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

"రెండిటికీ తేడా ఏటి పెదనాన్నా?"

"అది నడుస్తాది. ఇది ఎగురుతాది."

"బౌదీకి ఎగరడం ఎందుకు?"

"నువ్వూరుకోయే. నీకేటి తెల్సు?"

ఆ రెండో ఇంజను లారీకి ఎక్కించాల్సిన రోజున బంద్ వచ్చింది. రోడ్డు మీద చక్రం తిరగలేదు. ఆయన ఇంట్లో ఉండలేక, సంత్రాగాఛి నుంచి ఖిదిర్‌పూర్ దాకా నడిచివెళ్ళి, అది ఉన్నచోటే ఉందని చూసుకుని, మళ్ళీ నడిచి వచ్చారు. మా పెద్దమ్మ వేడినీళ్ళు కాచి కాళ్ళ దగ్గర పెట్టింది.

అది బిగించాక ఒక ఆదివారం చర్చి మానేసి నన్ను ఎక్కించుకుని బయల్దేరారు. సందులోనే దాని చప్పుడుకి కిటికీలు తెరుచుకున్నాయి. రెండో హుగ్లీ వంతెన ఎక్కగానే నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆయన నవ్వుతున్నారు. అంత నవ్వు ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. హౌరా వైపు దిగేచోట చేపల బుట్టలతో ఓ ముసలాయన రిక్షా బండి తోసుకుంటూ అడ్డం వచ్చాడు. పెదనాన్న బ్రేకు తొక్కారు. కారు ఆగలేదు, జారింది. జారి జారి, బెత్తెడు దూరంలో ఆగింది.

ముసలాయన రోడ్డు మీదే కూలబడ్డాడు. పెదనాన్న దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. లేపి రోడ్డు పక్కకి నడిపించారు. ముసలాయన తేరుకుని వెళ్ళాక కూడా పెదనాన్న చాలాసేపు కారు ఎక్కలేదు. చుట్టూ తిరిగారు.

"పరుగు పెట్టీసినానమ్మా. ఆగడం పెట్టలేదు" అన్నారు చివరికి.

మెల్లగా వెనక్కి తెచ్చారు. బౌదీ గుమ్మంలోనే ఉన్నారు.

"నేను నడపగలనా దాదా?"

"దీంతో నడపలేరు బౌదీ" అన్నారాయన బెంగాలీలో. "మీరు మీకోసం అడిగారు. నేను రెండు చూసి, నాకోసం ఎంచాను. తప్పు నాదే."

అంత పనితనం ఉన్న మనిషి, పని ఇచ్చినవాళ్ళ ఎదుట తల వంచడం నేను అదే మొదటిసారి చూడటం. ఆవిడ కాసేపు కారు వంక చూశారు.

"అయితే ఆ ఇంకోటి ఎప్పుడు తెస్తారు?" అన్నారు.

నెలల పని విప్పేశారు. ఈసారి ఇంజను జోలికి పోకుండా ముందు బ్రేకులన్నీ కొత్తవి వేశారు. తరవాతే ఆ పాత గట్టి ఇంజను బిగించారు. "ఇంజను ఎంచాలంటే మోటారుని సూడ్డం కాదమ్మా, తోలే మనిషిని సూడాల" అని ఆ రోజుల్లోనే నాతో అన్నారు. నా ఉద్యోగంలో మనుషులకు పని అప్పగించిన ప్రతిసారీ ఆ మాట నాకు అక్కరకొచ్చింది.

బౌదీ లైసెన్సు చేతికొచ్చిన రోజు మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని మైదాన్ పక్క రోడ్డుకి తీసుకెళ్ళారు. నేను వెనక కూర్చున్నాను, పెదనాన్న ముందు, ఆవిడ పక్క సీట్లో. ఆవిడ వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ట్రాము వెళ్ళేదాకా ఓపికగా ఆగి, మళ్ళీ కదిలించారు. ఇంజను బుద్ధిగా గురగురలాడింది. ఎదురుగా ఎవరైనా కనిపిస్తే చాలు, పెదనాన్న కాలు ముందున్న ఖాళీ నేలని గట్టిగా తొక్కుతోంది.

బౌదీ అది చూసి నవ్వారు. "దాదా, బ్రేకు ఇటు పక్కుంది."

"తెలుసు బౌదీ" అన్నారాయన. కాలు మాత్రం తీయలేదు.