చూపుతో మోగే గంట

మా ల్యాబ్ మేడం పోయారన్న కబురు ఫోన్‌లో చూసేసరికి నేను రాజమండ్రి బస్టాండులో ఉన్నాను, ఇంకో ఇంటర్వ్యూకి బయల్దేరి. విజయవాడ బస్సు వదిలేసి మేడం వాళ్ల ఊరు కడియం వెళ్లే బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోలేకపోయాను.

ఆవిడ మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. కొత్త కెపాసిటర్లు వస్తే ఒక్కొక్కటీ మీటరు మీద కొలిచి, విలువ కలిసిన రెండింటిని పూలు కట్టే దారంతో ముడివేసి దాచేవారు. జాతకాలు చూస్తున్నారా మేడం అని మేం నవ్వేవాళ్లం. "జత కుదరకపోతే కరెంటు రొద ఒక తీగలో ఎక్కువ, ఒక తీగలో తక్కువ వస్తుంది. అప్పుడు ఏడుద్దురుగాని" అనేవారు.

మా ప్రాజెక్టు ఆవిడ ఇంట్లోనే పుట్టింది. పక్షవాతంతో వాళ్లమ్మగారికి మాట, చేతులు పోయాయి. కళ్లు మాత్రం తిరుగుతాయి. కళ్లు తిప్పితే గంట మోగాలి. కళ్లకి అటొకటి ఇటొకటి అంటించిన ఎలక్ట్రోడ్ బిళ్లల మధ్య వచ్చే వోల్టేజీ తేడా చాలా చిన్నది, మెల్లగా మారేది. చర్మం దగ్గర ఎప్పుడూ ఉండే వోల్టేజీని కెపాసిటర్లతో ఆపి, కదలికను మాత్రం బఫర్ చిప్పులోకి పంపాలి. నేను పంపితే, తెరమీద కనిపించే గీత కాసేపు బాగానే ఉండి, పైకి పాకి అంచుకి అతుక్కుపోయేది. చిప్పు మార్చాను, బోర్డు మార్చాను, ప్రాజెక్టే మార్చేద్దామన్నాను.

మేడం వంగి చూశారు. "రెండు దారులూ మూసేశావు. చిప్పు దగ్గర చేరే కాస్త కరెంటు ఎటు పోవాలమ్మా?"

అది దిగిపోయేలా రెండు ఇన్‌పుట్ల నుంచీ గ్రౌండుకి పెద్ద రెసిస్టర్లు పెట్టించారు. గీత దిగడానికి చాలాసేపు పట్టింది. నేను నాబ్ తిప్పబోతే చేతిమీద ఒక్కటేశారు. "దాన్నైనా కుదురుకోనియ్యి."

గంట మొదటిసారి మోగిన రోజు అమ్మగారు ఏమీ అక్కర్లేకుండానే పిలుస్తూ ఉన్నారు. పిలిచినప్పుడల్లా మేడం వెళ్లి ఏంటమ్మా అని అడిగారు. నేను మొదలుపెట్టి చివరిదాకా చేసిన పని ఇప్పటికీ అదొక్కటే. ఆవిడ చేయించారు.

కడియంలో ఇల్లు మామూలుగానే ఉంది. మేడంని కాకినాడ ఆసుపత్రి నుంచి ఇంకా తీసుకురాలేదు. వాళ్ల చెల్లెలు నన్ను వరండాలోనే ఆపింది. "అక్క కాలేజీ పనిమీద వెళ్లిందని చెప్పాం. అమ్మ ముందు ఏడవకు తల్లీ."

గది గుమ్మంలో నిలబడ్డాను. అమ్మగారు ఇటు చూశారు. గంట మోగింది. చెల్లెలు గబగబా వెళ్లి మంచినీళ్లా, పక్కకి తిప్పాలా అని అడిగింది. అమ్మగారు ఆమెవైపు చూడలేదు.

ఆ సర్క్యూట్‌కి చూపు కదలడమే తెలుసు. చూపు ఒకచోట ఆగిపోతే గీత తనంతట తనే దిగిపోతుంది. మంచం పక్కన తెరమీద అది నెమ్మదిగా దిగి నడుమకి వచ్చి ఆగింది. గంట మళ్లీ మోగలేదు.

నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను. అమ్మగారి కళ్లు ఖాళీ గుమ్మం మీదే ఉన్నాయి.