డ్రైవరు పక్క సీటు

బోధన్‌లో ట్రావెల్స్ నడిపే బెన్‌హర్‌కు యాత్ర అంటే డ్రైవరు పక్క సీటు. మెదక్ చర్చికైనా, శిర్డీకైనా అక్కడే కూర్చుని దారి చెప్పేవాడు. ఆయన భార్య ప్రిస్కిల్లాది ఆఖరి వరుస. అన్నం గుండిగ ఒరిగిపోకుండా చూడటం ఆమె పని. ఆ ఆలుమగలు కలిసి వెళ్లని ఊరు లేదు, కలిసి కూర్చుని వెళ్లిన ఊరూ లేదు.

ఈ ఏడు ఆయనకు విదేశయాత్ర మీద మనసైంది. ఫిలిప్పీన్స్‌లో యాత్రికులు అంతగా వెళ్లని ఆంటీకే అనే ప్రావిన్సును ఎంచుకున్నాడు. పగడపు రాతితో కట్టిన పాత చర్చి, చేనేత మగ్గాలు, బెల్లం వండే బట్టీలు చూపిస్తారట. జంటలకు మాత్రమే. 'దంపతులు' నిత్యబహువచనమని, తెలుగు పంతులుగా ఉద్యోగమున్నంత కాలం పిల్లలకు చెప్పాను. ఇంట్లో నేనూ మా ఆవిడా వేర్వేరు గదుల్లో వార్తలు వింటాం; అది వేరే సంగతి.

నాలుగు జంటలుంటేనే కుదురుతుందని అక్కడి గైడు షరతు పెట్టాడు. మేమొక జంట. ముప్కాల్ నుండి ఒక జంట. నందిపేట్ నుండి లింబయ్య, సత్తవ్వ.

"చెరుకు, బెల్లం సూడనీకి సముద్రం దాటాల్నా?" అన్నాడు లింబయ్య.

"నువ్వు ఇంటికాడ ఉండు. నేను సారోళ్లతోని పోత" అన్నది సత్తవ్వ.

లింబయ్య వెంటనే పేరు రాయించాడు. నాలుగో జంట బెన్‌హర్, ప్రిస్కిల్లాలే.

విమానంలో ఎవరెక్కడ కూర్చోవాలో బెన్‌హర్ తన ఇంట్లో మా ముందే కాగితం మీద గీశాడు. బస్సు అలవాటు ప్రకారం మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనుక. అందరికంటే ముందు తాను, అందరికంటే వెనుక ప్రిస్కిల్లా.

"గాలిమోటర్ల గూడ నాది ఎనుక సీటేనా?" అన్నది ప్రిస్కిల్లా.

"నేను ముంగట లేకుంటే తొవ్వ ఎవలు సూపెడ్తరు?"

"పైలటుకు తెల్వదా?"

"గుండిగ ఎవలు సూస్తరు మరి?"

"గుండిగను నీ పక్కన కూసోవెట్టుకో. మీరిద్దరే జంట. నేను రాను." ఆమె లోపలికి వెళ్లిపోయింది.

"బెన్‌హర్ అన్నా, గైడు గుండిగను లెక్కల తీస్కుంటడా?" అని లింబయ్య అడిగాడు.

మర్నాడు బెన్‌హర్ మా ఇంటికి వచ్చాడు. "సార్, పక్కన కూసుంటే ఏం మాట్లాడాలె?"

వ్యాకరణంలో దీనికి సూత్రం లేదు. "ఏదో ఒకటి" అన్నాను.

పాస్‌పోర్టు పనికి ఒక్కసారి నిజామాబాద్ దాకా రమ్మని ఆయన భార్యను బతిమాలాడు. తన పక్కన కూర్చుంటేనే వస్తానన్నది. నాకూ అదే పని ఉండి వెంట వెళ్లాను; ఆర్టీసీ బస్సులో వాళ్ల వెనుక సీటు నాది. మొదటి చౌరస్తాలోనే బెన్‌హర్ సగం లేచి, "రైట్ కొట్టు!" అన్నాడు. డ్రైవరు తిరిగైనా చూడలేదు. ప్రిస్కిల్లా ఆయన అంగీ పట్టి కూర్చోబెట్టి, తన కిటికీ సీటు ఇచ్చింది.

దారిని ఎప్పుడూ ఎదురుగానే చూసినవాడు, తొలిసారి పక్క నుండి చూశాడు. "గీడ గింత చెరుకు ఎప్పుడు వెట్టిండ్రు?" అన్నాడు.

"ఏటేట వెడుతనే ఉన్నరు."

నిజామాబాద్ వరకు వాళ్ల సంభాషణ అంతే. బస్సు దిగుతూ ప్రిస్కిల్లా నాతో, "సార్, నాలుగు జంటలని గైడుకు జెప్పుండ్రి" అన్నది.