పది బిట్లలో బాపు మొహం

మా బాపు ముప్పై ఏడేళ్లు బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేశాడు. ఇన్నేళ్లలో మా అమ్మ ఆయన్ని ఒక్కసారి కూడా బొగ్గు మొహంతో చూడలేదు. షిఫ్టు దిగగానే బాయి మీదనే స్నానం చేసి, తల దువ్వుకుని, ఆఫీసు నుంచి వచ్చిన క్లర్కులా ఇంటికి వచ్చేవాడు. బనీను మాత్రం ఎంత ఉతికినా నల్లగానే ఉండేది.

రిటైరై దిగిపోయే రోజున తోటి కార్మికులు బాయి మూతి దగ్గరే పట్టుకుని, స్నానానికి కూడా పోనివ్వకుండా దండలేసి, డప్పులు కొట్టించారు. అయినా ఆ తర్వాత ఎలాగో స్నానం చేశాడు, ఇంటికి ఊరేగింపుగా తెచ్చేసరికి మళ్లీ తెల్లగా, తల దువ్వుకుని ఉన్నాడు. అమ్మకు దక్కింది అదే మొహం.

"అందరు ఏడ్చిండ్రు. నా కంట్ల మాత్రం చుక్క నీళ్లు రాలె. నేనే అందరినీ ఓదార్చిన" అని బాపు వారం రోజులు చెప్పుకున్నాడు.

బాయి మూతి దగ్గర జరిగిందంతా ఆయన జతగాడు, మేం కాక అని పిలిచే ఆయన, ఫోన్లో తీశాడు. దాన్ని మాకు వాట్సాప్‌లో పంపాడు. మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ, అందులో పళ్ల వరుస ఒకటి కనిపించాయి.

"ఇందుల నా మొగుడేడి?" అంది అమ్మ. ఆమె సరదాకు అనలేదు. ఆ మొహం చూడాలని నిజంగానే ఆశపడింది. నాకు జాలేసింది.

నేను బడిలో కంప్యూటర్ టీచర్ని కాబట్టి సహజంగానే నోరు జారాను. "అమ్మా, ఇది వాట్సాప్ కుదించి పంపిన ఎనిమిది బిట్ల వీడియో. నలుపు నుంచి తెలుపు దాకా దీనికి రెండువందల యాభై ఆరు మెట్లే. కాక ఫోన్లో అసలుది పది బిట్లది. దానికి వెయ్యి ఇరవైనాలుగు. బొగ్గులో కూడా మనిషి కనపడతడు. ఆదివారం చూపిస్త" అన్నాను.

"నలుపుల నలుపు చూసుడు మాకు నేర్పుతున్నవా బిడ్డా? బాయిల పైకప్పు ఎప్పుడు కూలుతదో ఆ నలుపు చూసే చెప్పేటోళ్లం" అన్నాడు బాపు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "గా పాతదే మంచిగుంది లే" అన్నాడు. ఆ తగ్గించడమే నాకు అనుమానం పుట్టించింది.

ఆదివారం చర్చి అయ్యాక కాక వచ్చాడు. ఆయన ఫోన్లోని అసలు వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, గర్వంగా టీవీకి గుచ్చాను. డప్పులు మోగాయి, బొమ్మ రాలేదు. మా టీవీకి పది బిట్లు చదవడం రాదట. ఆ మాట తెర మీద ఇంగ్లీషులో రాసి చూపించింది. బడిలో నేను చెప్పే పాఠాలన్నీ ఒక్కసారిగా నన్ను వెక్కిరించినట్టయింది.

నా పరువు పోయినందుకు ఇంట్లో సంతోషించినవాడు బాపు ఒక్కడే. "పాయె. అందరు బువ్వ తినుండ్రి" అని లేచాడు.

కానీ కాక కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆయనా బాపూ బాయి చీకట్లో గొంతుల్ని బట్టే మనుషుల్ని గుర్తుపట్టినవాళ్లు. "గిది గేటు గొలుసు. గిప్పుడు మనోళ్లు దండేస్తున్నరు. గిది మేనేజర్ దగ్గు" అంటూ నల్లటి తెరను చదివి వినిపించాడు. బాపు కూడా ఉండబట్టలేక మళ్లీ కూర్చున్నాడు. అంతలో డప్పులు ఆగాయి. ఎవరో "ఊకో, ఊకో అన్నా" అన్నారు.

కాక సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"అది నేనే. వాన్ని ఓదారుస్తున్న" అన్నాడు బాపు.

"అది నీ గొంతు గాదు" అంది అమ్మ. చీకట్లో పనిచేయకపోయినా ఆమెకు బాపు గొంతు తెలుసు. నా వైపు తిరిగి, "బొమ్మ తెప్పిస్తవా లేదా?" అంది.

లాప్‌టాప్ తెచ్చి టీవీకి వైరు తగిలించాను. ఇక చదవడం లాప్‌టాప్ పని, చూపించడమే టీవీ పని. అందులోని ప్లేయర్ ఏనాటిదో, తెరనిండా ఆకుపచ్చ గీతలు చూపించింది. కొత్త వెర్షన్ దించుతుంటే బాపు రెండుసార్లు "కరెంటు పోతదేమో" అన్నాడు. కరెంటు పోలేదు.

బొమ్మ వచ్చింది. బాయి మూతి లోపలి నీడలోంచి బాపు నడిచి వస్తున్నాడు. హెల్మెట్ నలుపు వేరు, నుదుటి నలుపు వేరు, గడ్డం మీద పొడి నలుపు వేరు. అందరూ పళ్లికిలిస్తున్నారు, ఆయనా ఇకిలిస్తున్నాడు. కాక గొంతు "ఊకో" అన్న చోట అమ్మ ఆపమంది. ఆపాను.

రెండు కళ్ల కింద నుంచి గడ్డం దాకా బొగ్గు కడుక్కుపోయి రెండు చారలున్నాయి.

"చెమట" అన్నాడు బాపు.

"చెమట కండ్లల్ల నుంచి వస్తదా?"

కాక నవ్వాడు, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. తెర దగ్గరికి పోయి ఆ చారల్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "గిట్ల ఎన్నిసార్లు కడుక్కోని ఇంటికచ్చినవ్?"

బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాక నవ్వు ఆపేశాడు. అమ్మ బాపు పక్కనే, ఎప్పుడూ కూర్చునేదానికన్నా దగ్గరగా కూర్చుంది.

సాయంత్రం బాపు వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "బిడ్డా, చుట్టాలకు పాతదే పంపు" అన్నాడు. సరేనని పది బిట్లదే పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి పంచాను. వాళ్ల టీవీలన్నీ మా టీవీ ఈడువే, డప్పులు మోగుతాయి, బొమ్మ రాదు. బాపు బొగ్గు మొహం ఈసారి అమ్మకే దక్కింది.