ముప్పై ఐదో తారీఖు

జిలానీ బాషా రాయచోటిలో బోర్డులు రాసేవాడు. కువైట్‌లోని అబూ హలీఫాకు వచ్చాక అదే చేత్తో దొంగ ముద్రలు చెయ్యడం నేర్చాడు. చెయ్యి మంచిదే, దానికి పెట్టిన పనే చెడ్డది.

2004లో వాళ్ల ఊరి ఆసియా బీ, రుమైథియాలో పనిచేసే ఇంటినుంచి తన పాస్‌పోర్టే దొంగిలించుకుని పారిపోయి వచ్చింది. ఆ ఇంటి యజమానురాలు, వాళ్లు మామా అని పిలిచే ఆవిడ, ఇస్త్రీపెట్టెతో వీపు కాల్చింది. నైటీ చర్మానికి అతుక్కుపోతే పక్కగది ఆడవాళ్లు తడిపి తడిపి ఊడదీశారు. ఆ కేకలు గోడ ఇవతల జిలానీ బాషా విన్నాడు.

వినలేక కాగితం రాయడానికి కూర్చున్నాడు. ఈమె ముప్పయ్యో తారీఖులోగా ఊరికి పోవచ్చని కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, రాసిచ్చినట్టు. అరబ్బీలో సున్న అంటే చుక్క, గుండ్రంగా చుడితే ఐదు. పదేళ్లుగా తెలిసిందే. కానీ చెవుల్లో ఆ కేకలుండగా చెయ్యి బడిలో నేర్చిన సున్నే చుట్టింది.

విమానాశ్రయంలో అధికారి ముప్పై ఐదో తారీఖు చదివి నవ్వాడు. తర్వాత ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. ఎవరు రాశారని బాదారు.

"నేనే రాసుకుంటి" అంది ఆసియా బీ.

వేలిముద్ర తప్ప ఎరగని మనిషి. ఆ మాటకు ముందరి పళ్లు రెండు రాలాయి.

కబురు తెచ్చింది ఆమెను విమానాశ్రయంలో దింపిన డ్రైవర్ ఖాసిం వలి. రాసినవాడు దొరక్కపోతే సాయంత్రానికి ఆమెను మళ్లీ ఆ కఫీల్‌కే అప్పగిస్తారట, నువ్వు మాత్రం పారిపో అన్నాడు. అంటే మళ్లీ ఆ ఇస్త్రీపెట్టె దగ్గరికే. జిలానీ బాషా ముద్రలన్నీ సంచిలో వేసుకుని స్టేషన్‌కు నడిచాడు.

ఏ చేత్తో రాశావని అడిగారు. కుడిచెయ్యి బల్లమీద చాపించి వేళ్లు ఒక్కొక్కటే విరగ్గొట్టారు. మూడోదానికి స్పృహ తప్పితే నీళ్లు కొట్టి లేపి మిగతావి కానిచ్చారు. ఆసియా బీని వారంలో ఊరికి పంపేశారు. అతనికి మూడేళ్లు జైలు, ఆపైన వేలిముద్రలు తీసుకుని విమానమెక్కించి ఖలాస్ అన్నారు. వంకరపోయిన ఆ వేళ్ల ముద్రలు సరిగా పడక, అందుకూ తన్నారు.

రాయచోటిలో ఆసియా బీ టీ అంగడి పెట్టుకుంది. బోర్డు నువ్వే రాయాలని పట్టుబట్టింది. ఎడంచేత్తో పేరు రాశాడు, అక్షరాలు తాగినవాళ్లలా తూలాయి. ఫోన్ నంబరులో సున్న వచ్చేసరికి కుంచె ఆగిపోయింది.

"గుండ్రంగానే చుట్టన్నా" అంది ఆసియా బీ, పళ్లు పోయిన సందులోంచి. "ఇది మన ఊరే."